సబ్‌క్లాసులు పెంచకుండా ఆబ్జెక్టుకు ఐచ్ఛిక సౌకర్యాలు జోడించడం ఎలా?

కొత్తచిగురు (ప్రారంభ టపా)

సభ్యులందరికీ నమస్కారం. నివేదికలను ఫైలుగా రాసే ఒక క్లాసు (ఎక్స్‌పోర్టరు) మా ప్రాజెక్టులో ఉంది. భాష జావా. మొదట అది ఒకే పని చేసేది: నివేదికలోని పేజీలను బైట్లుగా మార్చి, మనం ఇచ్చిన అవుట్‌పుట్ స్ట్రీములోకి (బైట్లు వెళ్లే మార్గంలోకి) వరుసగా రాసేది. ఆ తరువాత కొందరు వాడుకరులు ఫైలును కంప్రెస్ చేసి ఇమ్మన్నారు, కొందరు ఎన్‌క్రిప్ట్ చేయాలన్నారు, మరికొందరు ప్రతి పేజీ మీద వాటర్‌మార్కు ఉండాలన్నారు. పెద్ద నివేదికలు రాస్తున్నప్పుడు ఎంత శాతం పూర్తయిందో తెర మీద కనిపించాలన్నది నాలుగవ కోరిక. ఒక్కొక్క కోరికకు ఒక్కొక్క సబ్‌క్లాసు, రెండు కోరికలు కలిసి వస్తే మరొక సబ్‌క్లాసు (అసలు క్లాసు నుండి వారసత్వం తీసుకొని దాన్ని మార్చే క్లాసు) రాసుకుంటూ వచ్చాము. ఇప్పటికి పదకొండు అయ్యాయి. చివరిదాని పేరు "కంప్రెస్డ్‌ఎన్‌క్రిప్టెడ్‌వాటర్‌మార్క్‌డ్‌రిపోర్ట్‌ఎక్స్‌పోర్టర్". ఆ పేరు టైపు చేస్తున్నప్పుడే ఎక్కడో దారి తప్పామని అర్థమైంది.

ఈ నాలుగు సౌకర్యాలలో ఏవి కావాలో ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు, ఆబ్జెక్టు వారీగా నిర్ణయించుకోగలిగేలా ఈ నిర్మాణాన్ని ఎలా మార్చాలో పెద్దలు సూచించగలరు.

పాతకోడు

ముందుగా లెక్క చూద్దాము. నాలుగు ఐచ్ఛిక సౌకర్యాలలో ప్రతిదీ ఉండవచ్చు, లేకపోవచ్చు కనుక మొత్తం 16 కలయికలు. ఏది ముందు, ఏది తరువాత అన్నదానికి కూడా ప్రాముఖ్యం ఉంటే, ఒకటి, నాలుగు, పన్నెండు, ఇరవై నాలుగు, ఇరవై నాలుగు కలిపి 65. ఐదవ కోరిక వచ్చిందంటే మొదటి లెక్క 32కు, రెండవది 326కు చేరుతుంది. పదకొండు దగ్గర ఆగి ఆలోచించారు కనుక మీరు అదృష్టవంతులే.

మీరు వెతుకుతున్నదానికి డెకరేటర్ అని పేరు. 1994లో నలుగురు రచయితలు వెలువరించిన డిజైన్ ప్యాటర్న్స్ గ్రంథంలోని 23 ప్యాటర్నులలో అదొకటి. దానికి ర్యాపర్ అనే మారుపేరు కూడా ఆ పుస్తకంలోనే ఉంది. అదే మారుపేరును అడాప్టరు అనే మరో ప్యాటర్నుకూ ఇచ్చారు కనుక ఎవరైనా "ర్యాపర్ రాశాను" అంటే ఏ ర్యాపరో అడగడం మంచిది. ఆలోచన మాత్రం తేలిక. అసలు ఆబ్జెక్టు ఏ ఇంటర్‌ఫేసును (ఏయే మెథడ్‌లు ఉండాలో చెప్పే ఒప్పందాన్ని) పాటిస్తుందో, ఆ ఇంటర్‌ఫేసునే పాటించే మరో ఆబ్జెక్టును తయారు చేసి, అసలుదాన్ని దాని కడుపులో పెడతారు. బయట నుండి వచ్చిన ప్రతి పిలుపునూ అది లోపలికి పంపుతుంది. పంపే ముందో, పంపిన తరువాతో తన వంతు పని చేస్తుంది. బయటివారికి ఇంటర్‌ఫేసు ఒక్కటే కనుక లోపల ఒకరున్నారా, ముగ్గురున్నారా అన్నది వారికి పట్టదు. నాలుగు సౌకర్యాలకు నాలుగు క్లాసులు సరిపోతాయి, కలయికలు కన్‌స్ట్రక్టర్లలోనే జరిగిపోతాయి.

మీరు జావాలో ఉన్నారు కనుక ఇది రోజూ వాడుతూనే ఉన్నారు. ఫైల్‌అవుట్‌పుట్‌స్ట్రీమును బఫర్డ్‌అవుట్‌పుట్‌స్ట్రీములో, దాన్ని జీజిప్‌అవుట్‌పుట్‌స్ట్రీములో పెట్టడం అచ్చంగా ఇదే. మీ కంప్రెషనుకు, ఎన్‌క్రిప్షనుకు కొత్తగా రాయవలసినది ఏమీ లేదు. ఎక్స్‌పోర్టరు జోలికి పోకుండా దానికిచ్చే స్ట్రీమును చుట్టి ఇవ్వండి.

బగ్గులవేట

ఒక చిన్న విరుద్ధాభిప్రాయం. ఐచ్ఛికాలు రెండే అయి, అవి పెరిగే సూచన లేకపోతే, క్లాసులోనే రెండు బూలియన్ ఫీల్డులు, రెండు "ఇఫ్"లు పెట్టుకోవడం నేరమేమీ కాదు. ఒక ఇంటర్‌ఫేసు, ఒక మూల డెకరేటరు, రెండు అసలు డెకరేటర్లు, వాటిని పేర్చే ఫ్యాక్టరీ రాసిన తరువాత ఆ కోడు చదివే మనిషి ఐదు ఫైళ్లు తెరవాలి. పాతకోడు గారు చెప్పిన పద్ధతి మీ నాలుగింటికి సరిపోవచ్చు, కాని చిన్నదానికీ పెద్దదానికీ అదే మందు వాడేవారిని చాలామందిని చూశాను.

కొత్తచిగురు

పాతకోడు గారి సలహా ప్రకారం కంప్రెషను, ఎన్‌క్రిప్షను రెండింటినీ స్ట్రీము వైపుకు తరలించాను. ఏడు సబ్‌క్లాసులు ఒక్క పూటలో మాయమయ్యాయి. అయితే కంప్రెస్ చేసిన ఫైళ్లలో కొన్ని తెరవబోతే "ఫైలు అర్ధాంతరంగా ముగిసింది" అన్న లోపం వస్తోంది. రాయడంలో ఏ ఎక్సెప్షనూ రాలేదు. ఎక్స్‌పోర్టరు పని ముగించగానే నేను అట్టడుగున ఉన్న ఫైలు స్ట్రీమును మూసేస్తున్నాను. కారణం అదేనా?

పాతకోడు

అదే. జీజిప్ ఫైలు చివర ఎనిమిది బైట్ల తోక ఉంటుంది: డేటా చెడిపోలేదని సరిచూసే సీఆర్‌సీ-32 విలువకు నాలుగు, మూల డేటా పొడవుకు నాలుగు. కంప్రెషను స్ట్రీము ఆ తోకను తనను మూసినప్పుడో, ఫినిష్ మెథడ్‌ను పిలిచినప్పుడో మాత్రమే రాస్తుంది. మీరు అడుగున ఉన్నదాన్ని నేరుగా మూసేస్తే పైనున్నదానికి ఆ అవకాశమే దక్కదు, దాని దగ్గర మిగిలిన డేటా కూడా పోతుంది. ఎప్పుడూ అన్నింటికన్నా పైనున్నదాన్ని మూయండి, అది తన లోపలిదాన్ని మూస్తుంది. ఒకసారి తొడిగిన తరువాత లోపలి ఆబ్జెక్టును చేతిలో ఉంచుకోకపోవడమే క్షేమం. లోపలిదానికి వేరే వేరియబుల్ పేరు పెట్టకుండా, కన్‌స్ట్రక్టరు లోపలే కన్‌స్ట్రక్టరును పిలిచే అలవాటు అందుకే వచ్చింది.

సన్ననిగీత

ఈ డెకరేటర్లను నేను "తొడుగులు" అంటాను, సభ్యులు మన్నించాలి. తొడుగుల క్రమం గురించి ఒక మాట. ఎన్‌క్రిప్ట్ చేసిన డేటా చూడటానికి యాదృచ్ఛికమైన బైట్లలా ఉంటుంది కనుక దాన్ని తరువాత కంప్రెస్ చేస్తే పరిమాణం తగ్గదు, ప్రాసెసరు శ్రమ మాత్రం మిగులుతుంది. కాబట్టి డేటా ముందు కంప్రెషను గుండా, తరువాత ఎన్‌క్రిప్షను గుండా వెళ్లాలి. రాసేటప్పుడు పైనున్న తొడుగు ముందుగా పని చేస్తుంది కనుక కంప్రెషను పైన, ఎన్‌క్రిప్షను దాని కింద ఉంటాయి.

ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. దాడి చేసేవాడు తన ఇష్టమైన అక్షరాలను రహస్య డేటాతో పాటే కంప్రెస్ చేయించగలిగితే, ఫైలు పొడవు తగ్గడం, పెరగడం చూసి రహస్యాన్ని అక్షరం అక్షరంగా ఊహించగలడు. 2012లో క్రైమ్ అనే దాడి, వెబ్ సంభాషణలను ఎన్‌క్రిప్ట్ చేసే టీఎల్ఎస్ అనే ప్రోటోకాల్ మీద చేసింది ఇదే. 2018లో వచ్చిన టీఎల్ఎస్ 1.3లో కంప్రెషనునే తీసివేశారు. మీ నివేదికల విషయంలో ఆ ప్రమాదం ఉన్నట్లు కనిపించదు. కాని రెండు తొడుగులూ విడివిడిగా నిర్దోషులే అయినా జతగా తప్పు చేయగలవని మనసులో ఉంచుకోండి. క్రమాన్ని పిలిచేవారి ఇష్టానికి వదలకుండా, ఒకేచోట ఒక ఫంక్షను మాత్రమే తొడుగులను పేర్చేలా చూడండి. 65 క్రమాలలో మీకు నిజంగా పనికివచ్చేవి చాలా తక్కువ.

కొత్తచిగురు

ఫైళ్లు ఇప్పుడు సరిగా తెరుచుకుంటున్నాయి, పాతకోడు గారికి కృతజ్ఞతలు. సన్ననిగీత గారి సూచన ప్రకారం పేర్చే పనిని ఒకే ఫంక్షనుకు అప్పగించాను. మిగిలిన రెండు సౌకర్యాలు మాత్రం లొంగడం లేదు.

పూర్తి శాతం కోసం ఫిల్టర్‌అవుట్‌పుట్‌స్ట్రీమును ఎక్స్‌టెండ్ చేసి (దానికి సబ్‌క్లాసుగా) బైట్లను లెక్కపెట్టే తొడుగు రాశాను. పేజీలన్నీ ముందే బైట్ల శ్రేణులుగా సిద్ధమవుతాయి కనుక మొత్తం పరిమాణం మాకు తెలుసు. మూడు రైట్ మెథడ్‌లనూ ఓవర్‌రైడ్ చేసి (నా క్లాసులో తిరగరాసి), ప్రతిదానిలో లెక్కకు కలిపి, సూపర్‌లోని (మూల క్లాసులోని) అదే మెథడ్‌ను పిలిచాను. తెర మీద శాతం వంద దాటి, మూడు వందల దగ్గర ఆగుతోంది. పైగా రాయడం బాగా నెమ్మదించింది.

వాటర్‌మార్కు సంగతి వేరు. స్ట్రీము దగ్గరకు వచ్చేసరికి పేజీ అన్నదే మిగలదు, బైట్లే ఉంటాయి. అక్కడ ఏ తొడుగు వేసినా పేజీ కనిపించదు.

నిశ్శబ్దపాఠకురాలు

ఎప్పుడూ చదివి వెళ్లిపోతాను, కాని మూడు వందల శాతం చూసి రాయకుండా ఉండలేకపోయాను. నేను ఒకప్పుడు ఇదే గుంటలో పడ్డాను.

ఫిల్టర్‌అవుట్‌పుట్‌స్ట్రీములో శ్రేణిని తీసుకునే రైట్, తన పని తాను చేయదు. శ్రేణి, ఆరంభస్థానం, పొడవు తీసుకునే రైట్‌ను పిలుస్తుంది. ఆ రెండవది కూడా లోపలి స్ట్రీముకు నేరుగా పంపదు. ఒక్కొక్క బైటుకు ఒక్కొక్కసారి ఏకబైటు రైట్‌ను పిలుస్తుంది. ఈ పిలుపులన్నీ అదే ఆబ్జెక్టు మీద జరుగుతాయి, ఆ మెథడ్‌లను మీరు ఓవర్‌రైడ్ చేశారు, కనుక ప్రతి బైటూ మూడు మెట్ల దగ్గరా మూడుసార్లు లెక్కకు వచ్చింది. నెమ్మదించడానికి కారణం కూడా ఆ బైటు బైటు ప్రయాణమే. ఇదేమీ దాచిన సంగతి కాదు, డాక్యుమెంటేషనులోనే ఉంది: ఈ మెథడ్ లోపలి స్ట్రీమును అవే ఆర్గ్యుమెంట్లతో పిలవదని, సబ్‌క్లాసులు ఇంతకంటే సమర్థంగా రాసుకోవాలని స్పష్టంగా చెప్పారు.

పరిష్కారం చిన్నదే. ఏకబైటు రైట్‌ను, మూడు ఆర్గ్యుమెంట్ల రైట్‌ను మాత్రమే ఓవర్‌రైడ్ చేయండి. రెండింటిలోనూ సూపర్‌ను కాక, "అవుట్" అనే ఫీల్డులో ఉన్న లోపలి స్ట్రీమునే నేరుగా పిలిచి, ఆ తరువాత లెక్కకు కలపండి. శ్రేణి రైట్‌ను ముట్టుకోకండి, అది మూడు ఆర్గ్యుమెంట్లదాని గుండా ఎలాగూ వస్తుంది.

ఈ చర్చ శీర్షికకు సంబంధించిన విషయం కూడా ఇందులోనే ఉంది. సబ్‌క్లాసులు వద్దనుకొని మీరు తొడుగు రాశారు, కాని ఆ తొడుగునే మరో క్లాసుకు సబ్‌క్లాసుగా రాశారు. మూల క్లాసు తన మెథడ్‌లలో ఏది దేన్ని పిలుస్తుందో తెలియకపోతే వారసత్వం ఎలా దెబ్బ తీస్తుందో, ఆ దెబ్బ మీకు తొడుగు లోపల తగిలింది.

కొత్తచిగురు

సరిగ్గా వంద దగ్గర ఆగింది. రాయడం మునుపటి వేగానికి వచ్చింది.

సందర్భం వచ్చింది కనుక మరొక ప్రశ్న. పైథానులో "ఎట్" గుర్తుతో రాసే డెకరేటర్ ఇదేనా? మా బృందంలో ఒకరు రెండూ ఒకటేనంటున్నారు.

బగ్గులవేట

పేరు ఒకటే, సంగతి వేరు. 2004లో పైథాన్ 2.4తో వచ్చిన ఆ సింటాక్సు, ఒక ఫంక్షనును నిర్వచించే సమయంలోనే మార్చి పెడుతుంది. ఆ ఫంక్షనును ఎవరు పిలిచినా మారిన రూపమే దొరుకుతుంది. మీకు కావలసినది ఒకే క్లాసుకు చెందిన రెండు ఆబ్జెక్టులలో ఒకదానికి మాత్రమే సౌకర్యం ఉండటం. పైథానులో అటువంటి తొడుగు రాసేవారు, తెలియని పేర్లన్నింటినీ గెట్‌ఆట్ర్ (__getattr__) అనే ప్రత్యేక మెథడ్ ద్వారా లోపలికి పంపి చేతులు దులుపుకుంటారు. "లెన్" వంటి అంతర్నిర్మిత ఫంక్షన్లు ప్రత్యేక మెథడ్‌లను ఆబ్జెక్టులో కాక దాని టైపులో వెతుకుతాయి కనుక అటువంటి తొడుగు అక్కడ బోర్లా పడుతుంది.

గోబాట

నేను గో భాషలో సర్వర్లు రాస్తాను. తొడుగుల మీద ఇక్కడ కనిపిస్తున్న ఉత్సాహానికి కొంచెం నీళ్లు చల్లదలచుకున్నాను.

గోలో హెచ్‌టీటీపీ సమాధానాన్ని రాసే ఇంటర్‌ఫేసుకు రెస్పాన్స్‌రైటర్ అని పేరు, దానికి మూడే మెథడ్‌లు. సర్వరు ఇచ్చే అసలు ఆబ్జెక్టు మాత్రం ఇంకా కొన్ని ఐచ్ఛిక ఇంటర్‌ఫేసులను పాటించవచ్చు: ఇప్పటివరకు రాసినదాన్ని వెంటనే పంపించే ఫ్లషర్, కనెక్షనును చేతికి ఇచ్చే హైజాకర్ వంటివి. స్టేటస్ కోడును లాగ్ చేయడానికి నేను ఆ మూడు మెథడ్‌ల ఇంటర్‌ఫేసుకు తొడుగు వేశాను. కంపైలరు సంతోషించింది, పరీక్షలు దాటాయి. కాని డేటాను ముక్కలు ముక్కలుగా పంపే పేజీ ఒకటి స్తంభించిపోయింది. ఎందుకంటే ఆ పేజీ కోడు "నీవు ఫ్లషర్‌వా?" అని ఆబ్జెక్టును అడుగుతుంది, లోపలిది అవునంటుంది, నా తొడుగు కాదంటుంది. తొడుగు సౌకర్యం జోడించబోయి ఉన్న సౌకర్యాన్ని మూసేసింది.

సరే, తొడుగును కూడా ఫ్లషర్‌గా చేద్దామంటే, లోపలిది ఫ్లషర్ కానప్పుడు అది అబద్ధమవుతుంది. నిజాయితీగా ఉండాలంటే లోపలిది ఏయే ఐచ్ఛిక ఇంటర్‌ఫేసులను పాటిస్తుందో చూసి, సరిగ్గా ఆ కలయికనే పాటించే తొడుగు టైపును ఎంచుకోవాలి. ఐదు ఐచ్ఛికాలుంటే 32 టైపులు. పాతకోడు గారు మొదట వేసిన లెక్క గుర్తుందా? ముందు తలుపు నుండి గెంటేసిన రెట్టింపవుతూ పోయే లెక్క దొడ్డిదారిన లోపలికి వచ్చి కూర్చుంది. ఈ కలయికలన్నింటినీ యంత్రంతో రాయించిన లైబ్రరీలు నిజంగానే ఉన్నాయి.

జావాలోనూ ఇది కనిపిస్తుంది. జాబితాను మార్చడానికి వీలులేకుండా చుట్టి ఇచ్చే అన్‌మాడిఫయబుల్‌లిస్ట్ మెథడ్ కోసం లైబ్రరీలో రెండు క్లాసులున్నాయి: లోపలి జాబితా ర్యాండమ్‌యాక్సెస్ అనే, మెథడ్‌లేవీ లేని గుర్తు ఇంటర్‌ఫేసును పాటిస్తే ఒకటి, పాటించకపోతే ఇంకొకటి. ఒక్క ఐచ్ఛికానికి రెండు క్లాసులు.

నా అభిప్రాయంలో కొత్తచిగురు గారు అడగవలసిన ప్రశ్న "తొడుగా, సబ్‌క్లాసా" అన్నది కాదు. ఆ సౌకర్యం ఉందని ఎవరికి తెలియవలసి ఉంది? ఎవరికీ తెలియనక్కరలేకపోతే తొడుగు హాయి. బయటివారు ఆబ్జెక్టును పట్టుకొని "నీలో ఫలానాది ఉందా" అని అడగవలసి వస్తే తొడుగు మొదటిరోజు నుండే ఇబ్బంది.

వారధి

గోబాట గారి ప్రశ్నకు నా వంతు జవాబు. బయటివారు అడగవలసి వచ్చే సౌకర్యాలకు రెండు దారులు వాడుకలో ఉన్నాయి.

మొదటిది తొడుగుకు కిటికీ పెట్టడం. 2006లో జావా 6తో వచ్చిన, జావా ప్రోగ్రాములను డేటాబేసులతో కలిపే జేడీబీసీ 4.0లో ర్యాపర్ అనే ఇంటర్‌ఫేసు ఉంది. కనెక్షను పూల్ (డేటాబేసు కనెక్షన్లను తెరిచి ఉంచి, అడిగినవారికి ఇచ్చేది) మనకిచ్చే కనెక్షను సాధారణంగా ఒక తొడుగు. లోపలి డ్రైవరుకు మాత్రమే ఉన్న మెథడ్ కావాలంటే, ముందు ఈజ్‌ర్యాపర్‌ఫర్ అని అడిగి, తరువాత అన్‌ర్యాప్ చేసి తీసుకోవచ్చు. గో కూడా చివరికి ఆ దారికే వచ్చింది. 2023 ఫిబ్రవరిలో విడుదలైన 1.20లోని రెస్పాన్స్‌కంట్రోలర్, తొడుగుకు అన్‌ర్యాప్ అనే మెథడ్ ఉంటే పొర తరువాత పొర విప్పుకుంటూ వెళ్లి, ఫ్లష్ చేయగలిగినవారిని వెతికి పట్టుకుంటుంది. ఈ పద్ధతితో నాకున్న పేచీ ఒక్కటే: లోపలిదాన్ని బయటకు తీసినవారు మధ్యలోని తొడుగులన్నింటినీ తప్పించుకొని పని చేయించుకోగలరు. తొడుగు పని లెక్కపెట్టడమైతే పెద్ద నష్టం లేదు, అనుమతులు తనిఖీ చేయడమైతే నష్టమే.

రెండవది, చుట్టడం మానేసి ఆబ్జెక్టులోనే చోటు ఇవ్వడం. ఆబ్జెక్టు తన దగ్గర ఒక పట్టిక ఉంచుకుంటుంది. అందులో టైపు తాళంచెవి, ఆ సౌకర్యాన్ని అందించే చిన్న ఆబ్జెక్టు విలువ. ఎవరైనా ఫలానా టైపు కావాలని అడిగితే ఉన్నదాన్ని ఇస్తుంది, లేకపోతే ఖాళీ ఇస్తుంది. ఎక్లిప్సు అనే ప్రోగ్రామింగు సాధనంలోని ఐఅడాప్టబుల్, యూనిటీ అనే గేమ్ ఇంజనులోని గెట్‌కాంపొనెంట్ రెండూ ఈ కుటుంబానివే. ఇక్కడ ఆబ్జెక్టు ఒక్కటే ఉంటుంది కనుక గుర్తింపు సమస్యలు రావు, పది సౌకర్యాలకు పది క్లాసులకు మించి అక్కరలేదు. దీని వెల ఏమిటంటే, అడిగిన ప్రతిచోటా "లేదు" అన్న జవాబుకు సిద్ధపడాలి, ఆ సంగతిని కంపైలరు గుర్తు చేయదు. ఈ దారిలో వెళ్లేవారు నాలుగు సౌకర్యాలకూ పట్టిక పెట్టేస్తారేమోనని నా భయం. అన్నీ పట్టికలోకి పోతే ఆ క్లాసు ఏమి చేస్తుందో క్లాసును చదివి చెప్పలేము.

కొత్తచిగురు

వారధి గారూ, "గుర్తింపు సమస్యలు" అన్నారు. అవేమిటో కొంచెం వివరిస్తారా?

బగ్గులవేట

వారి బదులు నేను చెబుతాను, ఈ రకం బగ్గులతో నాకు పాత పరిచయం. తొడుగు, లోపలిది రెండు వేర్వేరు ఆబ్జెక్టులు. లోపలిది తన కన్‌స్ట్రక్టరులో "నేను" అంటూ ఒక ఈవెంటు జాబితాలో నమోదయిందనుకోండి. తరువాత మీరు తొడుగును చూపించి "దీన్ని జాబితా నుండి తీసేయి" అంటే, జాబితాలో అటువంటివారెవరూ లేరు కనుక ఏమీ జరగదు, ఎక్సెప్షను కూడా రాదు. ఆ లోపలి ఆబ్జెక్టుకు ఈవెంట్లు వస్తూనే ఉంటాయి, అవి తొడుగు గుండా రావు.

ఇంకొక రూపం: లోపలి ఆబ్జెక్టులోని ఒక మెథడ్ తనలోని మరో మెథడ్‌ను పిలిస్తే ఆ పిలుపు లోపలే తిరుగుతుంది, తొడుగులో మీరు మార్చిన రూపానికి చేరదు. నిశ్శబ్దపాఠకురాలు గారు చెప్పిన మూడు వందల శాతానికి ఇది అద్దంలో ప్రతిబింబం: అక్కడ పిలుపులు ఎక్కువగా పట్టుబడ్డాయి, ఇక్కడ అసలు పట్టుబడవు. హెన్రీ లీబర్మన్ 1986లో డెలిగేషన్ (పనిని మరో ఆబ్జెక్టుకు అప్పగించడం) మీద రాసిన పరిశోధన పత్రంలో ఈ తేడా ప్రధానంగా చర్చకు వచ్చింది. పనిని అప్పగించినప్పుడు "నేను" అన్న మాట ఎవరిని సూచించాలి, అప్పగించినవారినా, చేస్తున్నవారినా? జావాలో అది ఎప్పుడూ చేస్తున్నవారినే సూచిస్తుంది. కోట్లిన్ భాషలో "బై" అని రాస్తే పిలుపులను లోపలికి పంపే మెథడ్‌లన్నింటినీ కంపైలరే రాసిపెడుతుంది, టైపింగు శ్రమ తప్పుతుంది. "నేను" సంగతి మాత్రం మారదు.

సన్ననిగీత

జావాస్క్రిప్టులో మాత్రం వేరు. అసలు ఆబ్జెక్టును ప్రోటోటైపుగా (తనలో లేని మెథడ్‌లను వెతికే చోటుగా) పెట్టి కొత్త ఆబ్జెక్టును సృష్టిస్తే, పైకి వెళ్లి దొరికిన మెథడ్‌లో కూడా "దిస్" కొత్త ఆబ్జెక్టునే సూచిస్తుంది, కనుక లోపలి పిలుపులు కూడా మీ మార్పు గుండా వస్తాయి. అయితే ఆ క్లాసులో హ్యాష్ గుర్తుతో మొదలయ్యే ప్రైవేటు ఫీల్డులుంటే, అవి కొత్త ఆబ్జెక్టులో లేవు కనుక టైప్‌ఎర్రర్ వస్తుంది.

కొత్తచిగురు

చివరకు ఎక్కడ తేలానో చెబుతాను. గోబాట గారి ప్రశ్నను నాలుగు సౌకర్యాలకూ వేసుకున్నాను.

కంప్రెషను, ఎన్‌క్రిప్షను ఉన్నాయని ఎక్స్‌పోర్టరుకు గాని, దాన్ని పిలిచేవారికి గాని తెలియనక్కరలేదు. అవి స్ట్రీముకు తొడుగులుగానే ఉన్నాయి. బైట్ల లెక్క కూడా తొడుగే, అది కంప్రెషనుకు పైన ఉంటుంది; కిందికి వెళితే తగ్గిన పరిమాణాన్ని లెక్కపెట్టి వందకు ఎప్పటికీ చేరదు. అయితే శాతాన్ని తెర అడగాలి. తెర చేతిలో తొడుగు ఉండదు, ఎక్స్‌పోర్టరే ఉంటుంది. దానికి పట్టిక పెట్టబోయి, వారధి గారి హెచ్చరిక గుర్తుకు వచ్చి ఆగాను. అడిగేవారు ఒక్కరే కనుక పేర్చే ఫంక్షనుకు ఒక కాల్‌బ్యాక్ (కబురు ఉన్నప్పుడు తిరిగి పిలవవలసిన ఫంక్షను) ఇచ్చాను. లెక్కపెట్టే తొడుగు దానికే నేరుగా కబురు పంపుతుంది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగనక్కరలేదు.

వాటర్‌మార్కు తొడుగు కానే కాదని ఒప్పుకున్నాను. పేజీ బైట్లుగా మారకముందే అది జరగాలి. ఎక్స్‌పోర్టరు కన్‌స్ట్రక్టరుకు పేజీ దశల జాబితా ఒకటి ఇచ్చాను. ప్రతి దశా ఒక పేజీని తీసుకొని ఒక పేజీని తిరిగి ఇస్తుంది. జాబితా ఖాళీగా ఉంటే ఏమీ జరగదు. పేజీ సంఖ్యలు వేసే పని క్లాసు లోపల పాతుకుపోయి ఉండేది, అది కూడా ఒక దశగా బయటకు వచ్చింది.

పదకొండు సబ్‌క్లాసులలో ఇప్పుడు ఒకటి మిగిలింది. పాత పేరుతోనే దాన్ని పిలిచే కోడు మరో బృందం దగ్గర ఉంది, వారు మార్చుకునే వరకు అది లోపల కొత్త ఫంక్షనును పిలుస్తూ ఉంటుంది.

పాతకోడు

ఆ మిగిలినదాని మీద ఇక వాడవద్దని చెప్పే డెప్రికేటెడ్ అన్న గుర్తు ఇవాళే పెట్టండి. పెట్టకపోతే పన్నెండవదాన్ని ఎవరో దాని నుండే ఎక్స్‌టెండ్ చేస్తారు. వీలైతే, దానికి సబ్‌క్లాసులు రాయనివ్వని ఫైనల్ అన్న మాట కూడా రాయండి.

కొత్తచిగురు

ఫైనల్ అని రాసి చూశాను. కంపైలరు వెంటనే లోపం చూపించింది: పన్నెండవది ఇప్పటికే ఉంది, పరీక్షల ఫోల్డరులో. తీసేస్తున్నాను.